వేలిముద్ర రోగిది, నిర్ణయం ఎవరిది? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసినదాన్ని. ఈ లేఖ జీతాల గురించి కాదు, బదిలీల గురించీ కాదు. వాటికి సంఘాలున్నాయి. భవనాల గురించి కూడా కాదు. శ్రీకాకుళానికి 2008లో వైద్య కళాశాల వచ్చింది, 2023లో విజయనగరానికి వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. వచ్చినవాటిని రాలేదని అనను. నేను అడిగేది తక్కువ ఖర్చుతో అయ్యే పని. రోగి విషయంలో ఏదో సరిగా జరగడం లేదని నర్సుకు తోచినప్పుడు, ఆ మాట ఎక్కడ చెప్పాలో, ఎక్కడ రాయాలో, ఎవరు విని తీరాలో ప్రభుత్వం తేల్చాలి. ఏ ఆసుపత్రి పేరూ ఇక్కడ రాయను. ఇది ఏ ఒక్క ఆసుపత్రికో పట్టిన జబ్బు కాదు.

ముందు వేలిముద్రల సంగతి. ఆపరేషన్‌కు ముందు అంగీకార పత్రం తీసుకుంటారు. జబ్బేమిటి, ఏం చేయబోతున్నారు, చేయకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా అన్నది వైద్యం చేసే డాక్టరే రోగికి చెప్పాలి. వార్డులో జరిగేది వేరు. మర్నాటి ఆపరేషన్ల జాబితా సాయంత్రానికి వస్తుంది. ‘‘సిస్టర్, సంతకాలన్నీ చేయించి పెట్టండి’’ అన్న మాట దానితోపాటే వస్తుంది. నర్సు ఇంకు ప్యాడు పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతుంది. ‘‘లోపల ఏం తీసేస్తారమ్మా?’’ అని మంచం మీది ఆవిడ అడుగుతుంది. నర్సుకు తెలుసు. చెప్పే అధికారం మాత్రం లేదు. ‘‘డాక్టరు గారు చెబుతారు’’ అనేసి వేలు పట్టుకుని అద్దిస్తుంది. డాక్టరు గారు చెబుతారో లేదో గాని, ‘నాకు అర్థమయ్యే భాషలో వివరించారు’ అని కాగితం మీద ముందే అచ్చయి ఉంటుంది.

అర్థమయ్యే భాష అన్నారు కనుక అడుగుతున్నాను. మెళియాపుట్టి, పాతపట్నం కొండల మీది నుంచి వచ్చే సవర ముసలమ్మకు ఆ కాగితం ఏ భాషలో చదివి వినిపించాలి? ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే ఒడియా కుటుంబానికి? శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు నూరేళ్లకు ముందే సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటల్లోనే చదువు చెప్పించాలని పుస్తకాలు రాశారు. ఆయన జిల్లాలోనే ఒక సవర స్త్రీ కడుపు కోసే ముందు ఆమె భాషలో నాలుగు మాటలు చెప్పే మనిషి వార్డులో ఉండడు. అటెండరుకు ఆ భాష వస్తే అటెండరు చెబుతాడు. లేకపోతే సైగలే. తెలుగువారికైనా ఆ ఫారంలోని తెలుగు ఏ మాత్రం అర్థమవుతుందో, ఒకసారి తెప్పించుకుని తమరే చదివి చూడండి.

ఈ విషయంలో చట్టం నోరు మూసుకుని ఏమీ లేదు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఒక పరీక్షకు ఇచ్చిన అంగీకారం వేరే ఆపరేషన్‌కు పనికిరాదు. ప్రాణాపాయం తప్పించడానికైతేనే మినహాయింపు. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. మేజరైన స్త్రీ తెలివి వచ్చాక తానే చెప్పగలిగినప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. మన వార్డుల్లో ఇప్పటికీ భార్య మంచం మీద మెలకువగా ఉండగానే భర్త కోసం వెతుకుతారు. అతను టీ తాగడానికి వెళ్తే ఆపరేషన్ ఆగుతుంది. ఆమెకు అర్థం కాకపోతే మాత్రం ఆగదు.

నేను కోరేది ఇది. అంగీకార పత్రం మీద సంతకం తీసుకునే పని డాక్టరుదే కావాలి, నర్సు సాక్షిగా మాత్రమే ఉండాలి. ‘రోగికి అర్థం కాలేదు’ అని ఆ సాక్షి కేస్ షీటులో రాస్తే, అత్యవసరమైతే తప్ప ఆ ఆపరేషన్ ఆ పూటకు ఆగాలి. రాసిన నర్సును మర్నాడు ఎవరూ గదికి పిలిపించి కూర్చోబెట్టకూడదు. సవర, ఒడియా మాటల్లో రికార్డు చేసిన వివరణలు ఒక ఫోనులో ఉంచినా చాలు, సగం పని జరుగుతుంది.

కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం మాట చెప్పకుండా మా జిల్లా ఆసుపత్రుల మాట చెప్పలేం. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) అంటే ఏమిటో ఎవరికీ వివరించక్కరలేదు. బియ్యం ధర అడిగినట్లు ఎంతుందని అడుగుతారు. ఆ జబ్బుకు కారణమేమిటన్నది పరిశోధకులు తేల్చాలి. డయాలిసిస్ గదిలోని నర్సుకు వచ్చిపడే ప్రశ్నలు వేరు. రోగికి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున యంత్రం కావాలి. ఒక యంత్రం చెడిపోయిన రోజున ఎవరిని ముందు కూర్చోబెట్టాలి? ఆయాసంతో ఒగురుస్తూ వచ్చినవాడినా, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చి వరసలో కూర్చున్నవాడినా, ఎవరో నాయకుడు ఫోను చేసి చెప్పించినవాడినా? మొదటివాడినే అని పుస్తకం చెబుతుంది. ఆ మాట మూడోవాడికి చెప్పాల్సింది నర్సు. ఆమె వెనుక నిలబడే కాగితం ముక్క కూడా ఉండదు. జబ్బు తీవ్రతే క్రమం అని సూపరింటెండెంటు సంతకంతో గోడ మీద అంటించి ఉంటే, ఆమె ఆ కాగితం వైపు వేలు చూపించి ఊరుకుంటుంది.

ఇంకో ప్రశ్న వార్డు బయట ఎదురవుతుంది. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి. నర్సు కూడా చుట్టుపక్కల ఊరిదే. ఏ చుట్టమో పిన్ని వరస కలుపుకుని దగ్గరికి వస్తుంది. ‘‘ఫలానావాళ్ల అబ్బాయి మీ దగ్గరికి వస్తున్నాడా అమ్మా? మా పిల్లను ఇద్దామనుకుంటున్నాం. నీకు తెలిసి చెప్పకపోతే పిల్ల గొంతు కోసినదానివే’’ అంటుంది. ఆ పిల్ల బతుకు నిజంగానే ఆ మాట మీద ఆధారపడి ఉంది. రోగి రహస్యమూ నిజమే. నా మటుకు నేను చెప్పకూడదనే అంటాను. ఆసుపత్రిలో తన జబ్బు ఊరంతా తెలుస్తుందని అనుమానం వస్తే, రేపు ఆ కుర్రాడు పరీక్షకే రాడు. వాడి తర్వాత ఇంకో పదిమంది రారు. అయితే అబ్బాయితో కూర్చుని ‘‘నువ్వే చెప్పు నాయనా, చెప్పి పెళ్లి చేసుకో’’ అని మాట్లాడే సలహాదారు ఒకరైనా డయాలిసిస్ కేంద్రంలో ఉండాలి కదా? నర్సు నోరు కుట్టేసుకుంటే రహస్యం నిలుస్తుంది, పిల్ల సంగతి ఎవరు చూడాలి? హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం గోప్యతను హక్కు చేసింది. ఆ చట్టం ఉండగానే కేస్ షీటు అట్ట మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టే అలవాటు కొన్ని చోట్ల పోలేదు. వార్డు ఊడ్చే ఆమెకు కూడా ఆ గుర్తు అర్థం తెలుసు.

అన్నిటికన్నా బరువైన సంగతి చివరి రోజులది. మా వైపు మనిషి ప్రాణం ఇంట్లో పోవాలనుకుంటారు. అయినవాళ్ల మధ్య, నోట్లో తులసి తీర్థం పడుతుండగా పోవాలనుకుంటారు. ఇక లాభం లేదు, ఇంటికి తీసుకువెళ్లండి అని డాక్టరు చెబుతారు. పెద్దకొడుకు తలూపుతాడు. అప్పుడతనికి ఇచ్చే కాగితంలో ‘వైద్యుల సలహాకు వ్యతిరేకంగా, మా సొంత పూచీ మీద తీసుకువెళ్తున్నాం’ అని ఉంటుంది. తీసుకువెళ్లమన్నది డాక్టరే, సంతకం మాత్రం ఆయన సలహాకు వ్యతిరేకంగా! ఆసుపత్రి లెక్క సరిపోయింది. తండ్రిని తానే బతకనివ్వలేదేమో అన్న ముల్లు ఆ కొడుకు గుండెలో మిగిలిపోయింది.

ఆ రాత్రి ఆక్సిజన్ గొట్టం తీసేది నర్సు. నరంలోకి మందు ఎక్కించే కాన్యులా తీసేది నర్సు. చాలాసార్లు ఆదేశం నోటిమాటగానే ఉంటుంది. ‘‘ఇది తీసేస్తే ఎంతసేపుంటాడు సిస్టరమ్మా? దారిలోనే పోతాడా? నీళ్లు పట్టవచ్చా? నొప్పికి అరిస్తే ఏం చేయాలి?’’ ఈ నాలుగు ప్రశ్నలూ ప్రతి కుటుంబమూ అడుగుతుంది. జవాబు చెప్పమని నర్సుకు ఎవరూ నేర్పలేదు. చేతికి ఒక్క మాత్ర కూడా ఇచ్చి పంపలేదు. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ దొరకడం సులువు కావాలని పార్లమెంటు 2014లోనే మత్తుమందుల చట్టాన్ని సవరించింది. క్యాన్సర్‌తో నరాలు తెగేలా అరిచే మనిషిని మాత్రం ఇప్పటికీ పారాసిటమాల్‌తో ఇంటికి పంపుతున్నాం. బండి సంగతి కూడా వినండి. ఆపద వస్తే తీసుకురావడానికి 108 ఉంది. బాలింతను ఇంట్లో దించడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. శవాన్ని చేర్చడానికి మహాప్రస్థానం ఉంది. కొన ఊపిరితో ఇంటికి వెళ్లాలనుకునే మనిషి ప్రైవేటు బండికి డబ్బు కట్టాలి, లేదా చనిపోయేదాకా ఆగి ఉచితంగా వెళ్లాలి. కుటుంబం గుమ్మంలో నిలబడి ఈ లెక్క వేసుకోవడం చూసిన నర్సులు మా జిల్లాలో చాలామందే ఉన్నారు.

ప్రాణాధార చికిత్సను ఆపే విషయంలో సుప్రీంకోర్టు 2018 మార్చిలో దారి చూపింది, 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది. ఆసుపత్రిలో ప్రాథమిక బోర్డు, ఆపైన రెండో బోర్డు. చికిత్స చేసే డాక్టరు, అనుభవమున్న నిపుణులు, జిల్లా వైద్యాధికారి నియమించే డాక్టరు ఉంటారు. నర్సు లేదు. పగలూ రాత్రీ ఆ మంచం దగ్గర ఉండి, ఏ మాటకు రోగి కన్ను కదిలిందో, ఏ వైపు తిప్పితే మూలిగాడో చూసే మనిషికి చోటు లేదు. అదే కోర్టు 2011లో అరుణా షాన్‌బాగ్ కేసులో వేరేగా మాట్లాడింది. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ 1973లో దాడికి గురై మంచం పట్టిన ఆమెను, 2015లో కన్నుమూసేదాకా ఆ ఆసుపత్రి నర్సులే పడకపుండ్లు పడకుండా సాకారు. ఆమె తరఫున మాట్లాడే హక్కు బయటివారికంటే ఆసుపత్రి సిబ్బందికే ఉందని కోర్టు అప్పుడు అంగీకరించింది. ఆమెను బతకనివ్వాలన్న అప్పటి నర్సుల అభిప్రాయంతో ఏకీభవించాలా లేదా అన్నది వేరే చర్చ. అడగడమన్నా జరిగింది. బోర్డులో ఓటు ఇవ్వకపోయినా, నర్సు రాసిన పరిశీలనను చదివాకే నిర్ణయం తీసుకోవాలని రాష్ట్రం ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ తీర్పులు దానికి అడ్డు చెప్పవు.

నర్సింగ్ కళాశాలల్లో దీపాలు వెలిగించి చేయించే ప్రతిజ్ఞ నైటింగేల్ రాసినది కాదు. 1893లో అమెరికాలో ఆమె పేరుతో రాశారు. డాక్టరు పనిలో విధేయతతో తోడ్పడతానన్న మాట అందులో ఉంది. అంతర్జాతీయ నర్సుల మండలి 1973లో తన నియమావళిని సవరించి, నర్సు మొదటి బాధ్యత సేవ అవసరమైన మనుషుల పట్ల అని రాసుకుంది. మా పిల్లలు పరీక్షలో రెండోది రాసి మార్కులు తెచ్చుకుంటారు, ఉద్యోగంలో మొదటిదాని ప్రకారం నడుచుకుంటారు.

సిబ్బంది కొరత గురించి ఒక్క మాటే. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో అది ఎన్నిచోట్ల ఉందో తమ శాఖకు తెలుసు. మతి తప్పి మంచం దిగిపోతున్న ముసలాయన చేతులు బ్యాండేజీతో కట్టేసేది క్రూరత్వంతో కాదు, పక్కన కూర్చునే మనిషి లేక. మానసిక ఆరోగ్య చట్టం కట్టడానికి కారణం రాయాలంది, వైద్యుడి అనుమతి ఉండాలంది. మామూలు వార్డులో ఆ వివరాలు రాసే పుస్తకమే లేదు. కట్టిన సమయం, విప్పిన సమయం రాయడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ప్రతి నర్సూ అభ్యంతరం రాస్తూ కూర్చుంటే ఆసుపత్రి నడుస్తుందా అని తమ అధికారులు అంటారు. కొత్త మందులను మనుషుల మీద ప్రయోగించాలంటే రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి అని 2019 నిబంధనలు చెబుతున్నాయి. దానివల్ల పరిశోధన ఆగిపోలేదు. ప్రయోగంలో ఉన్న రోగికి ఉన్న రక్షణ, మామూలు మంచం మీది రోగికి ఎందుకు ఉండకూడదు? వార్డుల కోసం కూడా అలాంటి కమిటీ ఒకటి పెడితే, అది నర్సుకే కాదు, రాత్రంతా ఒంటరిగా నలిగిపోయే హౌస్ సర్జన్‌కూ ఆసరా అవుతుంది. నిజానికి ముందుగా ఆ కమిటీకి ఫోను చేసేది ఆ కుర్రవాళ్లే అని నా అనుమానం.

కనుక ఆ కమిటీని శ్రీకాకుళం, విజయనగరం బోధనాసుపత్రుల్లో మొదలుపెట్టండి. ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు నర్సులు, ఒక న్యాయవాది, ఆసుపత్రితో సంబంధం లేని ఊరి మనిషి ఒకరు. వారిలో ఒకరు రాత్రిళ్లు ఫోను ఎత్తాలి. చివరి రోజుల రోగిని ఇంటికి పంపేందుకు వేరే ఫారం పెట్టండి. అందులో ‘వైద్యుల సలహా మేరకు’ అని ఉండాలి, నొప్పి మందుల చీటీ దానికి కుట్టి ఉండాలి, బండి కూడా ప్రభుత్వానిదే కావాలి. ఉత్తర్వు వెలువడ్డాక దాని ప్రతి ప్రతి వార్డులోనూ నర్సు బల్ల మీద ఉండేలా చూడండి. సూపరింటెండెంటు గారి బీరువా తాళంచెవి రాత్రి డ్యూటీవాళ్ల దగ్గర ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
శ్రీకాకుళం