అమ్మ పాఠాలు చెబుతోందిరా

తెనాలి,
సోమవారం, తెల్లవారుజాము

ఒరేయ్ మురళీ,

జవాబు చాలా ఆలస్యమైంది, మన్నించు. కోతలు, పెద్దవాడి పరీక్షలు, నాన్న కంటి ఆపరేషన్ అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. అందరూ కులాసా. పొలం కాగితాల సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు మాత్రం అమ్మ సంగతి చెప్పాల్సిందే, రాత్రంతా అదే తలపు.

నిన్న సాయంత్రం అమ్మ స్కూటర్ తీయమంది. ఎక్కడికంటే చెప్పలేదు. వెనక వీధిలో ఒక ఇంటి ముందు ఆపించింది. ఆ ఇంటి కోడలికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఈమధ్యే ఇంటికొచ్చింది. ఎడమచెయ్యి ఒంటికి అదుముకుని, కొంగు కప్పుకుని కూర్చుంది. కదిలిస్తే కుట్లు ఊడతాయని భయం. అమ్మ కుశల ప్రశ్నలేవీ వేయలేదు. "డాక్టరు వ్యాయామం చేయమన్నారా, లేదా?" అని అడిగింది. చేయమన్నారట. అంతే, ఆ అమ్మాయిని లేపి గోడకు ఎదురుగా నిలబెట్టింది. తనూ పక్కన నిలబడి వేళ్లను ఒక్కొక్కటిగా గోడ మీద పైకి పాకించింది. "లాగినట్టు ఉంటే ఆగు, ఊపిరి పీల్చు, నొప్పి పెడితే దిగు" అంటూ. ఆ పిల్ల చెయ్యి భుజం దాకా వచ్చేసరికి వాళ్ల అత్తగారు కళ్లు తుడుచుకుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

తనకూ వచ్చిన ఇదే జబ్బు సంగతి సొంత చెల్లెళ్లకు కూడా చెప్పనివ్వని మనిషి కదరా మా అమ్మ!

నీకు చెప్పానో లేదో, అమ్మకు రేడియేషన్ అయిపోయాక ఆసుపత్రివాళ్లు ఫైలు చేతికిచ్చి, మాత్రలు, మళ్లీ రావలసిన తేదీ చెప్పి పంపేశారు. చేతి గురించి ఒక్క ముక్క లేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే. సంక్రాంతికి గాజులు తొడుక్కోబోతే ఎడమచెయ్యి వాచి ఎక్కలేదు. ఉప్పు మానేయమని ఒకరు, గ్లాసు కూడా ఎత్తవద్దని ఇంకొకరు. చివరికి గుంటూరులో ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి విషయం విడమరిచి చెప్పింది. చంకలో గ్రంథులు తీసేశాక చేతిలోని లింఫు, అంటే ఒంట్లో ఊరే నీరులాంటి ద్రవం, సరిగా వెనక్కి పోలేక నిలిచిపోతుందట. ఏళ్ల తర్వాతైనా రావచ్చట. మణికట్టు నుంచి పైదాకా టేపుతో కొలతలు రాసుకుంది, మెత్తటి పట్టీలు పొరలు పొరలుగా చుట్టింది. వాపు తగ్గాక బిగుతు తొడుగు వేయించింది. ఆ పట్టీలు చుట్టడం నేనూ నేర్చుకున్నాను. వేళ్ల దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ.

గోడ మీద ఎంత ఎత్తు పాకిందో అమ్మ రోజూ పెన్సిలుతో గీత పెట్టేది. ఎక్కడనుకున్నావు? వంటింటి గుమ్మం పక్కన, మన ఎత్తులు గీసిన చోటే! నువ్వు మడమలెత్తి గీయించుకున్న గీత ఇంకా ఉంది. అది దాటిన రోజు, "మురళిగాడి దొంగ గీత దాటేశాను, వాడికి రాయి" అంది. రాశాను, అమ్మా!

మీ వదినకు చికిత్స పూర్తయిందన్నావు కాబట్టి ఇవన్నీ రాస్తున్నాను. రేపటి నుంచే ఆవిడ రెండు చేతులూ గమనించుకోమను. బరువుగా, బిగుతుగా అనిపించినా చూపించుకోవాలి. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చర్మం పొడిబారనివ్వకూడదు. అసలు బరువే ఎత్తకూడదనేది పాతమాట. 2009లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, చెయ్యి వాచినవాళ్లే కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తితే వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ముదరడం కూడా తగ్గింది. నేర్పేవాళ్లు దగ్గరుండాలి, అంతే.

ఆవిడకు టామోక్సిఫెన్, అదే క్యాన్సర్ తిరగబెట్టకుండా వాడే హార్మోన్ చికిత్స మాత్ర, ఇచ్చారన్నావు. వేళ కాని రక్తస్రావం కనిపించినా, పిక్క వాచి నొప్పి పెట్టినా డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడి దాచుకోవద్దని మీ అన్నయ్యతో గట్టిగా చెప్పించు. మానసికంగా కుంగి మందులు వాడాల్సి వస్తే, ఇది వాడుతున్నానని ముందే చెప్పాలి. కొన్ని మందులు దీని పనికి అడ్డుపడతాయి. అమ్మది లెట్రొజోల్, ఆ పనికే వాడే ఇంకో మాత్ర, ఐదేళ్లు వాడాలి. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి, మోకాళ్లు పట్టేస్తాయి. మానేస్తానని మొండికేసింది. డాక్టరు కసరలేదు. నడవమన్నారు, తగ్గకపోతే అదే కోవలో వేరే మాత్ర ఉందన్నారు. ఇప్పుడు రోజూ కాలవగట్టు వెంట నడుస్తోంది, నాన్న వెనకబడిపోతున్నారు.

మామయ్య ఏడాదికోసారి ఒళ్లంతా స్కాన్ తీయించమని పోరాడాడు. ఏ లక్షణమూ లేనప్పుడు అక్కర్లేదని, క్రమం తప్పని పరీక్ష, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చాలని డాక్టరు చెప్పారు. అయినా ఆ తేదీ దగ్గరపడితే అమ్మకు అన్నం సయించదు. ఆ భయానికి మాత్ర ఏముంది చెప్పు... అందుకేనేమో ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది. 1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడ తన ఆపరేషన్ తర్వాత ఇలాగే మిగతా ఆడవాళ్లను పలకరించడం మొదలుపెట్టిందని గుంటూరు ఫిజియో అమ్మాయి చెప్పింది. అది విన్నప్పటి నుంచి అమ్మ...

ఇదిగో, చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి కేకలేస్తోంది. ఇవాళ గుంటూరులో ఎముకల బలం చూసే డెక్సా స్కాన్. లెట్రొజోల్‌తో ఎముకలు పలచబడతాయి కదా, అందుకు. రైలు వేళయింది. మీ వదిన నంబరు పంపించు, అమ్మే మాట్లాడుతుందట.

నీ
శ్రీను