కీబోర్డు కొనే ముందు మీటలు నొక్కి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు ముగిసి వేసవి సెలవులు మొదలయ్యేసరికి, పిల్లలకు సంగీతం నేర్పించాలనుకునే తల్లిదండ్రులు కీబోర్డు కోసం దుకాణాల చుట్టూ తిరగడం మన పట్టణాల్లో ఏటా కనిపించేదే. కాకినాడలో ఇంటి దగ్గరే పిల్లలకు కీబోర్డు, పియానో పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని నేను. ఇన్ని వందల టోన్లు (రకరకాల వాద్యాల ధ్వనులు), ఇన్ని రిథమ్‌లు, ఇన్ని పాటలు అంటూ అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన అంకెలను చూసి చాలామంది కొనేస్తున్నారు. పిల్లల వేళ్లు రోజూ తాకే మీటల సంగతి అడిగేవారు చాలా తక్కువ. ఆ విషయం పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొదట చూడవలసింది మీట వెడల్పు. పియానోలో ఒక తెల్ల మీట సుమారు 23.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక స్థాయి సరిగమలు, అంటే ఏడు తెల్ల మీటలు, పదహారున్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తాయి. పిల్లల చెయ్యి చిన్నది కదా అని బుల్లి మీటల కీబోర్డు కొనిస్తే వేళ్లు ఆ ఇరుకుకే అలవాటు పడతాయి, ఆ తర్వాత పెద్ద వాద్యం ముందు కూర్చున్నప్పుడు ప్రతి స్వరం పక్క మీట మీద పడుతుంది. ఆరేళ్ల పిల్లలకైనా పూర్తి కొలత మీటలే కొనాలని నా గట్టి అభిప్రాయం. 61 మీటలుంటే ఐదు స్థాయులు వస్తాయి, తొలి సంవత్సరాలకు అవి చాలు.

అంతకన్నా ముఖ్యమైనది టచ్ రెస్పాన్స్. ఇది ఉన్న వాద్యంలో మీట కింద రెండు స్పర్శ స్థానాలుంటాయి. మొదటిది తగిలిన తర్వాత రెండోది తగలడానికి పట్టిన కాలాన్ని బట్టి, వేలు ఎంత వేగంగా దిగిందో యంత్రం లెక్కకట్టి, స్వరాన్ని మెత్తగానో గట్టిగానో పలికిస్తుంది. ఇది లేని వాద్యంలో సుతారంగా తాకినా, బలంగా కొట్టినా ధ్వని ఒక్కటే. అలాంటి దాని మీద నేర్చుకున్న పిల్లలకు పాటలో ఏ స్వరాన్ని ఎత్తాలి, ఏది తగ్గించాలి అన్న ఆలోచనే కలగదు, ఎందుకంటే వారు ఏం చేసినా చెవికి తేడా తెలియదు. దుకాణంలో దీన్ని పరీక్షించడానికి సంగీతం రానక్కర్లేదు. వాల్యూమ్ సగానికి పెట్టి, పియానో టోన్‌లో ఒకే మీటను ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కితే చాలు. కొన్నిటిలో ఈ సదుపాయాన్ని ఆపివేసే ఏర్పాటు కూడా ఉంటుంది కాబట్టి తేడా వినిపించకపోతే అది ఆన్ చేసి ఉందో లేదో అడగాలి. వెనకవైపు, మీట వదిలినా స్వరం కొనసాగేలా చేసే సస్టెయిన్ పెడల్‌ తగిలించే రంధ్రం ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇక కీబోర్డా, డిజిటల్ పియానోనా అన్న ప్రశ్నకు జవాబు పిల్లలు ఏం వాయించాలనుకుంటున్నారన్న దానిలోనే ఉంది. సినిమా పాటలు, భజనలు, చర్చిలో గాయకబృందానికి సహకారం అయితే రిథమ్‌లు, ట్రాన్స్‌పోజ్ (అవే మీటలు నొక్కుతూ శ్రుతిని పెంచే, తగ్గించే సదుపాయం) ఉన్న 61 మీటల కీబోర్డు సరిపోతుంది. యమహా పీఎస్ఆర్-ఐ500, కాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ వంటి వాటిలో మన వాద్యాల టోన్లు, తాళాలు కూడా ఉన్నాయి. పాడేవారి శ్రుతి ఐదున్నర, అంటే షడ్జమం నల్ల మీట మీద పడేది అయితే ట్రాన్స్‌పోజ్ ఎంతో సాయపడుతుంది, కాని నేర్చుకునే పిల్లలు ఆ బటన్ మీదే ఆధారపడితే నల్ల మీటల మీద వేళ్లు ఎప్పటికీ తిరగవు. కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి స్వరస్థానాలు గుర్తుపట్టడానికి కీబోర్డు పనికొస్తుంది. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే గమకాలకు మాత్రం గురువు గొంతే ఆధారం.

పియానోయే నేర్పించాలనుకునేవారి సంగతి వేరు. పియానోలో మీట నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది; మంద్రంలో మీటలు బరువుగా, తారస్థాయిలో తేలికగా ఉంటాయి. వెయిటెడ్ (బరువు అమర్చిన) మీటలున్న డిజిటల్ పియానోలు ఈ బరువునే అనుకరిస్తాయి, మామూలు కీబోర్డులో ఉండేది స్ప్రింగు తేలికదనం. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో పియానోకూ, ఎలక్ట్రానిక్ కీబోర్డుకూ పాఠ్యక్రమాలు వేర్వేరుగా ఉండటానికి కారణం లేకపోలేదు. యమహా పీ-145, కాసియో సీడీపీ-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పీ-10 వంటి 88 మీటల వాద్యాలు 10 నుంచి 13 కిలోల బరువు, సుమారు 130 సెంటీమీటర్ల పొడవుతో ఫ్లాట్లలో కూడా ఇమిడిపోతాయి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కింటివారికి ఇబ్బంది ఉండదు. ఖర్చు ఎక్కువే, కాదనను. ఒకేసారి అంత పెట్టలేనివారు మొదట టచ్ రెస్పాన్స్ ఉన్న కీబోర్డు కొని, ఒకటి రెండేళ్లలో పిల్లల ఆసక్తి చూసి మారడం మేలు.

కొన్న తర్వాత దాన్ని భోజనాల బల్ల మీద పెట్టడం మన ఇళ్లలో మామూలు. బల్ల ఎత్తుకు వాద్యం ఎత్తు కలిసేసరికి పిల్లల భుజాలు పైకి లేచి, మణికట్లు వంగి, అరగంటకే నొప్పి మొదలవుతుంది. ఎత్తు సవరించుకునే స్టాండు కొని, మోచేతులు మీటల ఎత్తుకు వచ్చేలా, పాదాలు నేలకో పీటకో ఆనేలా కూర్చోబెట్టాలి. పాత వాద్యం కొనేవారు ప్రతి మీటనూ విడిగా నొక్కి చూడాలి. ఎంత మెల్లగా తాకినా ఏదైనా మీట ఒక్కసారిగా గట్టిగా పలికిందంటే, లోపలి స్పర్శ రబ్బరు అరిగిందనో దుమ్ము పట్టిందనో అనుమానించాలి. సముద్రగాలి తగిలే మా ఊళ్లలో వాయించడం కాగానే గుడ్డ కప్పడం తప్పనిసరి.

దుకాణదారులకు నాదొక విన్నపం. ధర చీటీ మీద టచ్ రెస్పాన్స్ ఉందా, మీటలు పూర్తి కొలతవేనా, పెడల్‌ తగిలించే వీలుందా అన్న మూడు విషయాలు తెలుగులో రాసి పెట్టండి. కనీసం ఒక్కో మోడల్‌లో ఒక్కటైనా పెట్టెలోంచి తీసి, కరెంటు ఇచ్చి, పిల్లలు వాయించి చూసేందుకు అందుబాటులో ఉంచండి. సెలవుల ముందు వచ్చే మీ అనుబంధాల్లో ఈ వివరాలకు కాస్త చోటిస్తే ఎన్నో కుటుంబాలకు మేలు చేసినవారవుతారు.

భవదీయురాలు,
ఒక సంగీత ఉపాధ్యాయురాలు, కాకినాడ