మంత్రి గారూ, మా పాప పసరు తాగుతోంది

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులిచ్చారు, సంతోషం. మూడోదానికైతే ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది, ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని. ఆ రాత్రే మా పాప మోకాళ్లు పట్టుకుని తెల్లారేదాకా ఏడ్చింది. పరిష్కారమైంది ఎవరి సమస్యో మరి.

మా పాపది సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి నొప్పులు తెచ్చే పుట్టు జబ్బు. దాని గురించి మీకు చెప్పక్కర్లేదు. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం, జబ్బును నిర్మూలించడానికి 2047 గడువు, 7 కోట్ల మందికి పరీక్షలు, అన్నీ మీకు తెలిసినవే. మా గూడెంలోనూ వేళ్లు పొడిచి రక్తం తీసుకున్నారు, కార్డులిచ్చారు. పాప కార్డు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. లేనిది మాత్ర.

రక్తపరీక్ష చూడకుండా ఈ జబ్బుకిచ్చే హైడ్రాక్సీయూరియా మాత్ర ఇవ్వకూడదట, తెల్లకణాలు పడిపోతాయట. మంచిదే. వెళ్తే, పరీక్ష చేసే మిషన్‌లో పోసే రసాయనం అయిపోయిందన్నారు. మళ్లీ వెళ్లాం. రసాయనం వచ్చింది, టెక్నీషియన్ డిప్యుటేషన్ మీద వెళ్లిపోయాడు. మూడోసారి రసాయనమూ ఉంది, మనిషీ ఉన్నాడు, మాత్రల స్టాక్ లేదు. బయట కొనుక్కోమంటారా? పదిహేను రోజుల తర్వాత మందుల చీటీ కోసం పోతే, పాత రక్తపరీక్ష చెల్లదు, మళ్లీ చేయించమన్నారు. వెళ్లిన ప్రతిసారీ వాగు దాటి, పాపను వీపున వేసుకుని ఆటో దొరికే చోటుదాకా నడవాలి. ఆ రోజు కూలి పోతుంది. ఎండకీ ఆయాసానికీ పాపకి నొప్పి లేస్తుంది. మందు కోసం పోయి నొప్పి తెచ్చుకుంటున్నాం సార్.

అందుకే మా గూడెం నాటువైద్యుడు వెజ్జు తాత ఇచ్చే పసరు తాగిస్తున్నాను. ఆసుపత్రిలో ఈ మాట చెబితే ‘ఆకులూ అలములూ’ అని కసిరారు.

మా మేనల్లుడు బీఎస్సీ చదువుతున్నాడు. ఈ జబ్బు కణాల్లో హిమోగ్లోబిన్ తొందరగా చెడిపోయి, అందులోని ఇనుము బయటపడి, పీల్చే ఆక్సిజన్నే విషం చేస్తుందని చెప్పాడు. దాన్ని ఆపే గ్లూటాథయోన్ అనే పదార్థం తరిగిపోతుంది, కణం పొర బిరుసెక్కి పగులుతుంది. ఆక్సీకరణ ఒత్తిడి అంటారట. ఒత్తిడంటే టెన్షనే కదరా అన్నాను. కణాలకి కూడా టెన్షన్ ఉంది, మీ శాఖకే లేదు.

ఈ ఒత్తిడి తగ్గిస్తుందని చెప్పే ఎల్-గ్లుటమిన్ పొడికి, ఈ జబ్బు తెచ్చే తీవ్రమైన ఇబ్బందులు తగ్గించడానికని 2017లో అమెరికా అనుమతిచ్చింది. నైజీరియాలో ఈ జబ్బుకే ఒక నాటువైద్యుడు ఇచ్చే మందును అబూజాలోని ప్రభుత్వ సంస్థ తీసుకుని పరీక్షలు చేసింది. నాలుగు మొక్కలు, వాటిలో లవంగం, జొన్న ఉన్నాయి. నిప్రిసాన్ అని పేరు పెట్టారు. తర్వాత దాన్ని అమ్మిన కంపెనీ దివాలా తీసింది, అది వేరే గోల. కందిగింజల సారం మీద కూడా అక్కడ పనిచేశారు. కంది సార్! మేం కొత్తల పండుగ చేసుకునే కంది.

గాజు గొట్టంలో పనిచేసింది ఒంట్లో పనిచేయాలని లేదు, అంతమాత్రం నాకూ తెలుసు. పైగా జీ6పీడీ అని, ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్ లోపమున్న పిల్లలకి కొన్ని మందులు, చివరికి గోరింటాకు కూడా రక్తకణాలు విరిచేస్తాయట. పాపకి ఆ లోపం ఉందో లేదో ఎవరూ చూడలేదు. పసరులో ఏముందో కూడా ఎవరూ చూడలేదు. గ్లాసు అందించేటప్పుడు ప్రతిసారీ నా చెయ్యి వణుకుతుంది.

ఆయుష్ వాళ్లున్నారు, హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. ఎవరినైనా పంపండి. వెజ్జు తాత పక్కన కూర్చుని ఆకు చూడమనండి, ఆయన పేరు రాసుకోమనండి, పరీక్షించి మంచిదైతే మంచిదని, విషమైతే విషమని మాకు చెప్పమనండి. తాతకి ఎనభై దాటాయి. ఈలోగా మాత్రలు పంపండి. మిషన్‌కి రసాయనం, దాని ముందు కూర్చునే మనిషి, మాత్రలు, మూడూ ఒకే రోజున ఉండేలా చూడండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను.

దయచేసి దీనికి మాత్రం మెసేజ్ పంపకండి.

ఇట్లు,
మన్యం నుంచి ఒక తండ్రి