తక్కువ చేస్తే సరిపోతుందా?

ఒరే సుధీర్,

నీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకున్నది చివర్లో అడిగిన ప్రశ్న. "క్యాన్సర్‌కి ఇంకా గట్టి మందు రావాలని అందరూ ఎదురుచూస్తుంటే, నువ్వు పీహెచ్‌డీ పెట్టుకుని మరీ ఉన్న చికిత్సను తగ్గించడం మీద కూర్చున్నావేంట్రా?" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదిది. తీరిక చూసుకుని చదువు.

ముందు హాల్‌స్టెడ్ సంగతి చెప్పాలి. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఉండేవాడు. రొమ్ము క్యాన్సర్ పుట్టిన చోటు నుంచి అంచెలంచెలుగా పక్కకి పాకుతుందని, ఎంత వెడల్పుగా కోసేస్తే అంత మంచిదని ఆయన నమ్మకం. అందుకని రొమ్ముతో పాటు కింద ఉన్న ఛాతీ కండరాలూ, చంకలోని లింఫ్ గ్రంథులూ అన్నీ తీసేసేవాడు. ఆయన్ని చెడ్డవాడిగా చూడకు. కోసిన చోట మళ్లీ గడ్డ రావడం ఆయన చేతుల్లో నిజంగానే తగ్గింది. కానీ ఆ పద్ధతే దాదాపు 80 ఏళ్ల పాటు రాజ్యమేలింది. చేయి వాచిపోయి, భుజం సరిగా లేవక, ఛాతీ గుంటపడిపోయి ఎంతమంది ఆడవాళ్లు మిగతా జీవితం గడిపారో! ఇంత కోత అవసరమా అని గట్టిగా పోల్చి చూసినవాళ్లు ఆ కాలంలో చాలా కొద్దిమందే. లండన్‌లో జెఫ్రీ కీన్స్ అనే సర్జన్ (ఆర్థికవేత్త కీన్స్‌కి తమ్ముడు) 1920ల్లోనే చిన్న ఆపరేషన్‌తో, రేడియం సూదులతో బాగానే నెట్టుకురావచ్చని చూపించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

చివరికి పట్టుబట్టినవాడు పిట్స్‌బర్గ్‌లోని బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్. ఆయన వాదన నాకు ఎంతో ఇష్టం. గడ్డ చేతికి తగిలేసరికే కొందరిలో క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి దూరం వెళ్లిపోయి ఉంటాయి. వాళ్లకు ఎంత కోసినా లాభం లేదు. వెళ్లనివాళ్లకు అంత కోయాల్సిన పని లేదు. వాదిస్తే చాలదు కాబట్టి 1971లో ట్రయల్ మొదలుపెట్టాడు. ఎవరికి పెద్ద ఆపరేషన్, ఎవరికి చిన్నది అన్నది డాక్టరు ఇష్టం కాదు, చీటీ తీసినట్టు నిర్ణయించాలి. చాలామంది సర్జన్లు ఒప్పుకోలేదు. తమకు గురువులు నేర్పిన ఆపరేషన్‌ను చీటీకి వదిలేయడమేంటని వాళ్ల బాధ. అయినా 1,600 మందికి పైగా ఆడవాళ్లు చేరారు. వాళ్లను 25 ఏళ్ల పాటు గమనించి 2002లో తుది లెక్క వేశారు. కండరాలు కూడా తీసేసినందువల్ల ఆయుష్షేమీ పెరగలేదని తేలింది.

1976లో ఇంకో అడుగు ముందుకేశాడు. రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకే తీస్తే చాలా? ఈసారి 1,851 మంది. మిలాన్‌లో ఉంబెర్టో వెరోనేసి అనే సర్జన్ ఇలాంటి ట్రయలే 701 మందితో నడిపాడు. ఇద్దరి 20 ఏళ్ల ఫలితాలూ ఒకే పత్రికలో, ఒకే సంచికలో, 2002 అక్టోబరులో వచ్చాయి. బతికే అవకాశంలో తేడా లేదు. అయితే ఫిషర్ ట్రయల్లో ఇంకో అంకె ఉంది, దాన్ని నేనెప్పుడూ మర్చిపోను. గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వకపోతే అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టినవాళ్లు 39.2 శాతం. రేడియేషన్ ఇస్తే 14.3 శాతం. అంటే కోత తగ్గించవచ్చు గానీ, దాంతో పాటు రేడియేషన్ కూడా మానేస్తామంటే కుదరదు. ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు అన్నది ఊహించి చెప్పగలిగేది కాదురా. మనుషుల్లో పరీక్షించి చూడాల్సిందే.

ఎక్కువ ఇవ్వడమే సరైన దారి అయిన సందర్భాలూ ఉన్నాయి, అది కూడా న్యాయంగా చెప్పాలి. 1947-48లో సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టర్ లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చాడు. ఆ మందు మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన బృందం నుంచి వచ్చిందే. 16 మందిలో 10 మంది కొంతకాలం తేరుకున్నారు, కానీ మళ్లీ జబ్బు తిరగబెట్టింది. ఒక మందు చాలదని నాలుగు మందులు కలిపి, ఏళ్ల తరబడి ఇచ్చాకే ఆ పిల్లలు పూర్తిగా నయమవడం మొదలైంది. ఆ విజయం చూసి "ఇంకా ఎక్కువ" అన్న ఆలోచన అన్నిచోట్లా పాకింది. 1990ల్లో రొమ్ము క్యాన్సర్‌కి ఎముక మజ్జ పాడయ్యేంత కీమో ఇచ్చి, తర్వాత మూలకణాలు ఎక్కించేవాళ్లు. 1999లో ట్రయల్స్ ఫలితాలు వచ్చినప్పుడు గొప్ప లాభం చూపించినది దక్షిణాఫ్రికా వైద్యుడు బెజ్వోడాది ఒక్కటే. మరుసటి ఏడాది తనిఖీ చేస్తే అది మోసమని తేలింది. ఆ చికిత్సతోనే చనిపోయినవాళ్ల గురించి చదివినప్పుడు నాకు పట్టలేని కోపం వచ్చింది.

ఇక నా పని. నా థీసిస్ ఎక్కువగా ఐడియా అనే అధ్యయనం చుట్టూ తిరుగుతుంది. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక ఆరు నెలల కీమో ఇచ్చేవారు. అందులో ఆక్సాలిప్లాటిన్ ఉంటుంది. అది నరాలను దెబ్బతీస్తుంది. చల్లటి వస్తువు తాకితే వేళ్లు జివ్వుమంటాయి, తిమ్మిరెక్కుతాయి, కొందరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. కీమో ఆపినా ఏళ్ల తరబడి పోనివాళ్లు ఉన్నారు. మరి మూడు నెలలకే ఆపేస్తే? ఆరు ట్రయల్స్‌లోని 12,834 మంది వివరాలు కలిపి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవాళ్లు మూడు నెలల గుంపులో 74.6 శాతం, ఆరు నెలల గుంపులో 75.5 శాతం. నరాల బాధ ఒక మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ వచ్చినవాళ్లు, ఫాల్‌ఫాక్స్ అనే మందుల కలయిక తీసుకున్నవాళ్లలో, మూడు నెలల గుంపులో 16.6 శాతం, ఆరు నెలల గుంపులో 47.7 శాతం. ఆ రెండు జతల అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడు.

లెక్కలవాడివి, ఇక్కడ నీకు ఆసక్తి పుడుతుంది. ఇలాంటి ట్రయల్లో కొత్తది మెరుగని నిరూపించరు, పాతదానికి తీసిపోదని నిరూపిస్తారు. ఎంత తేడా వరకు "తీసిపోదు" అనవచ్చో ముందే గీత గీసుకోవాలి. ఐడియా వాళ్లు గీసిన గీత 12 శాతం. అంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం గానీ, మరణించే ప్రమాదం గానీ ఉన్నదానికి 12 శాతానికి మించి పెరగలేదని తేలాలి. వచ్చిన అంచనా 7 శాతం, కానీ 15 దాకా ఉండే అవకాశం ఉంది. గీత దాటింది. కాబట్టి మొత్తం మీద చూస్తే మూడు నెలలు సరిపోతాయని రుజువు కాలేదు. కేపాక్స్ అనే ఇంకో కలయిక తీసుకున్నవాళ్లలో, ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లకు మాత్రం మూడు నెలలు చాలని తేలింది. 2020లో వచ్చిన ఐదేళ్ల లెక్కలో, అందరినీ కలిపి చూస్తే, బతికున్నవాళ్లు మూడు నెలల గుంపులో 82.4 శాతం, ఆరు నెలల గుంపులో 82.8 శాతం.

ఆ 12 ఎవరు పెట్టాలి? ఇదే నా పరిశోధన. సాధారణంగా ట్రయల్ నడిపే డాక్టర్లూ, స్టాటిస్టిక్స్ వాళ్లూ కూర్చుని నిర్ణయిస్తారు. వేళ్లలో స్పర్శ పోగొట్టుకునేదీ, జబ్బు తిరగబెడుతుందేమోనని టెన్షన్ పడేదీ రోగి. బట్టలు కుట్టి బతికే మనిషి ఒక శాతం ప్రమాదాన్ని ఒప్పుకుని వేళ్లు కాపాడుకుంటాననవచ్చు. చిన్న పిల్లలున్న తల్లి, వేళ్లు మొద్దుబారినా ఫర్వాలేదు, ఆ ఒక్క శాతం నాకు కావాలనవచ్చు. ఇద్దరూ సరైనవాళ్లే. అందుకే గీత గీసేముందు రోగుల్ని అడగాలని, వాళ్ల జవాబులు ఆ అంకెలో కనిపించాలని నేను వాదిస్తున్నాను.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. తక్కువ మందు చాలని తేల్చే ట్రయల్‌కి మందు కంపెనీ ఎందుకు ఖర్చు పెడుతుంది? అబిరాటెరోన్ చూడు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రోజూ 1000 మిల్లీగ్రాములు ఖాళీ కడుపుతో వేసుకోమంటారు. ఆహారంతో అది ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. 72 మందితో చేసి 2018లో ప్రచురించిన చిన్న ట్రయల్లో, కొవ్వు తక్కువున్న ఆహారంతో 250 వేసుకున్నా పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఎంత ఉందో సూచించే రక్తపరీక్ష అంకె) అంతే తగ్గింది. ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు తల, మెడ క్యాన్సర్‌లో నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుని (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి లేపేది) మామూలు డోసులో పదో వంతు కూడా లేకుండా 20 మిల్లీగ్రాములే, తక్కువ డోసు కీమో మాత్రలతో కలిపి ఇచ్చారు. ఏడాది బతికినవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఆ పోలిక పూర్తి డోసుతో కాదు, మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్లతో. ఆ తేడా గుర్తుపెట్టుకో. అయినా ఇది చదివి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. పూర్తి డోసు కొనలేని వాళ్లకు అసలు ఆ మందే దక్కదు కదా.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. ఇవన్నీ చదివి, మీ పెద్దమ్మ కీమో గురించి ఇంట్లో ఎవరూ సొంత నిర్ణయాలు చేయొద్దు. ఫలానా రకానికి, ఫలానా దశకి తేలినవి ఇవి. ఆవిడ విషయంలో వ్యవధి తగ్గించే వీలుందా అని ఆంకాలజిస్టునే అడగండి, నిస్సంకోచంగా అడగండి. అరచేతులు, అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఓర్చుకోకుండా ఆయనకు చెప్పమను. చాలాసార్లు డోసు సర్దుతారు.

దీంతో పాటు రోగుల్ని అడగడానికి తయారుచేసిన ప్రశ్నల చిత్తుప్రతి పంపుతున్నాను. మా గైడ్ చూశారు గానీ, డాక్టర్లకి అలవాటైన కళ్లకి కనపడనివి కొన్ని ఉంటాయి. ముఖ్యంగా నాలుగో ప్రశ్న చూడు. "నూటికి ఒకరికి అదనంగా తిరగబెట్టవచ్చు" అని రాస్తే ఒకలా భయపెడుతోంది, "నూటికి తొంభై తొమ్మిది మందికి తేడా ఉండదు" అంటే మరీ ధైర్యం చెప్పినట్టుంది. మనిషిని ఎటూ నెట్టకుండా ఎలా అడగాలో ఆలోచించి రాయి.

నీ
మురళి