పేరు అడగని నర్సక్కకు

కర్నూలు పెద్దాసుపత్రిలో మా అన్న కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే, చిగుళ్ల మీద నీలిగీత చూసి “ఏం తాగుతాడమ్మా, నాటుసారానా?” అని నెమ్మదిగా అడిగింది మీరే అక్కా. అప్పటిదాకా గ్యాస్ అనుకుంటూ నెలలు గడిపాం. రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడిందీ మీరే. సారా కాచే గొట్టాల అతుకుల్లోంచి సారాలోకి సీసం దిగుతుందని, ఆ విషం వల్లే ఈ కడుపునొప్పి, నీలిగీత అని మాకేం తెలుసు! కీలేషన్ మందు సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుందని, ఎముకల్లో దాగింది మళ్లీ రక్తంలోకి వస్తుంది కాబట్టి మందు అయ్యాక కూడా పరీక్ష చేయించాలని, సారా మానకపోతే ఇదంతా దండగని అమ్మకు ఎంత ఓపిగ్గా చెప్పారో. తాగుబోతని ఒక్క మాట అనలేదు, అది మర్చిపోలేను. అన్న ఇప్పుడు కడుపునిండా సంగటి తింటున్నాడు. టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు, చాలా థ్యాంక్స్ అక్కా.