చిరునామా రహస్యమే, అమ్మకం కూడానా?

గౌరవ సంపాదకులకు,

భర్త దెబ్బలు భరించలేక పిల్లలను తీసుకుని బయటపడిన స్త్రీ ఏడాదో రెండేళ్లో తలదాచుకోవడానికి అమెరికాలో తాత్కాలిక నివాసాలు కొన్ని ఉన్నాయి. కాలిఫోర్నియాలో మేముండే ప్రాంతంలో అలాంటి నివాసమొకటి ప్రజాధనంతో ఏర్పాటైంది. దాన్ని నడుపుతున్న స్వచ్ఛంద సంస్థే ఇప్పుడు అమ్మకానికి పెట్టింది. సంస్థ పేరు రాయను. పేరు తెలిస్తే ఇల్లెక్కడుందో పసిగట్టగల భర్తలు ఉంటారు.

అక్కడి ఇంటి బేరం తెలుగు పత్రికకెందుకని పాఠకులు అనుకోవచ్చు. ఈ ఇళ్ల అవసరం మన ఆడపిల్లలకూ ఉంది. భర్త హెచ్-1బి ఉద్యోగం మీద ఆధారపడి హెచ్-4 వీసాతో వచ్చిన అమ్మాయికి 2015 వరకు ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ తర్వాతైనా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే అనుమతి. అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు (ఉద్యోగానికి, బ్యాంకు పనులకు అడిగే ప్రభుత్వ సంఖ్య) రాదు. ఆ నంబరు లేనిదే క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు సక్రమంగా తీర్చిన రికార్డు, ఏర్పడటం కష్టం. నెల జీతం అద్దెకు మూడింతలైనా ఉండాలనే ఇంటి యజమానులు ఈమెకు తాళంచెవి ఇస్తారా? హింసకు గురైన ఇలాంటి భార్యలు సొంతంగా పని అనుమతి కోరవచ్చని 2005 చట్టసవరణ చెబుతోంది, నిజమే. దరఖాస్తు పెట్టి, కార్డు చేతికొచ్చి, ఉద్యోగం దొరికేదాకా ఎక్కడుండాలో మాత్రం ఏ సవరణా చెప్పదు.

‘ఇండియాకు వచ్చేయమ్మా’ అంటారు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులు. (అలా అనేవారు మెరుగే. ‘సర్దుకుపో’ అనేవారే ఇంకా ఎక్కువని నా అనుమానం.) కానీ కాలిఫోర్నియాలో విడాకుల కేసు మొదలయ్యాక, రెండోవారి లిఖితపూర్వక సమ్మతో కోర్టు అనుమతో లేకుండా పిల్లలను రాష్ట్రం దాటించకూడదు. వెళ్లాలంటే బిడ్డను వదిలి వెళ్లాలి. అత్యవసర ఆశ్రయాల్లో ఉండనిచ్చేది సాధారణంగా నెలా రెండు నెలలు. అక్కడి నుంచి సొంత అద్దె ఇంటికి చేరేలోపు ఉన్న ఖాళీని పూడ్చేవి, ఫెడరల్ నిబంధనల ప్రకారం 24 నెలల దాకా ఉండనిచ్చే ఈ నివాసాలే.

ఇక అమ్మకం సంగతి. ప్రజాధనంతో కొన్న భవనాన్ని ఎలా అమ్ముతారని మొదట నేనూ ఆశ్చర్యపోయాను. నిబంధనలు చదివితే ఆశ్చర్యం పోయి కోపం మిగిలింది. నగరాలకు వచ్చే ఫెడరల్ సామాజికాభివృద్ధి గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థ భవనం కొంటే, నగరంతో చేసుకున్న ఒప్పందం ముగిశాక కనీసం అయిదేళ్లు ఆ గ్రాంటు లక్ష్యాలకే వాడాలి. నగరం అంతకన్నా ఎక్కువ గడువు రాసుకోకపోతే, ఆపై అమ్ముకున్నా పైసా తిరిగి కట్టనక్కరలేదు. నిరాశ్రయుల కోసం ఇచ్చే ఫెడరల్ నిధులతో కొంటే షరతు 15 ఏళ్లు. అదే రాష్ట్రంలో పన్ను రాయితీలతో కట్టే చౌక అద్దె ఇళ్లకు మాత్రం 55 ఏళ్లు! దెబ్బలు తిన్న స్త్రీల ఇంటికి అయిదు, పదిహేను చాలని ఎవరు లెక్కగట్టారో. గడువు తీరేసరికి ఇక్కడి స్థలాల ధరలు ఎన్ని రెట్లవుతాయో ఇక్కడ ఇల్లు కొన్న తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. ఆ పెరుగుదల ఎవరిది?

సంస్థలకూ ఇబ్బందులున్నాయి, కాదనను. నేరబాధితుల సాయానికి ఫెడరల్ నిధి నుంచి 2018లో దాదాపు 440 కోట్ల డాలర్లు వాడుకోనిచ్చిన అమెరికా కాంగ్రెస్, 2024 నాటికి ఆ పరిమితిని సుమారు 135 కోట్లకు కుదించింది. నేరస్థులు కట్టే జరిమానాలతో నిండే నిధి అది. జరిమానాలు తగ్గితే బాధితుల కూడూ తగ్గుతుంది. మరోవైపు ఫెడరల్ గృహనిర్మాణ శాఖ చాలా ఏళ్లపాటు తాత్కాలిక నివాసాల కన్నా అద్దె సాయానికే మొగ్గు చూపింది. సొంత ఇంట్లో, నియమాల పట్టిక లేకుండా బతకాలని ఎవరికుండదు? ఆదాయం ఉన్నవారికి ఆ పద్ధతి మంచిదే. కొన్ని నెలల సాయం ఆగాక అద్దె కట్టే దారి లేని హెచ్-4 భార్యకు అది పనికిరాదు. భవనం ఒకసారి ప్రైవేటు చేతుల్లోకి వెళ్తే ఈ ధరల్లో మళ్లీ కొనడం కల్ల.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. ఊళ్లో గ్రంథాలయం మూస్తామంటే జనం అట్టలు పట్టుకుని నగర సభకు వస్తారు. ఈ ఇంటి కోసం ఎవరూ రారు, అలాంటి ఇల్లుందని ఎవరికీ తెలియదు కాబట్టి. తెలియకూడదు కూడా. దురుద్దేశంతో ఆశ్రయం చిరునామా బయటపెడితే కాలిఫోర్నియాలో నేరం. స్త్రీలను కాపాడటానికి పెట్టిన ఆ గోప్యత చాటునే బేరం కూడా చడీచప్పుడు లేకుండా సాగిపోతోంది. సంస్థ తన ఆస్తులన్నిటినీ, లేదా దాదాపు అన్నిటినీ అమ్మితే 20 రోజుల ముందు రాష్ట్ర అటార్నీ జనరల్‌కు నోటీసివ్వాలి. పదింటిలో ఒకటి అమ్మితే ఆ నిబంధన వర్తించదు. అక్కడ ఉంటున్న స్త్రీలేమో ఫొటోలో కనబడటానికే భయపడతారు; మైకు ముందుకొచ్చి మాట్లాడతారా?

వీధి, ఇంటి నంబరు చెప్పకుండానే లెక్క చెప్పవచ్చు. ఎంత ప్రజాధనం పెట్టారు, షరతు ఎప్పుడు తీరింది, ఎంతకు అమ్ముతున్నారు, ఎన్ని కుటుంబాలను ఎక్కడికి పంపుతున్నారు? ఈ నాలుగూ నగర సభ ముందు పెట్టాకే సంతకాలు జరగాలి. ముందుగా ఇదే పని చేసే మరో సంస్థకో, నగరానికో కొనే అవకాశం ఇవ్వాలి. ఇకపై ప్రజాధనంతో కొనే ప్రతి ఆశ్రయానికీ 55 ఏళ్ల షరతు దస్తావేజులోనే ఉండాలి. అన్నట్టు, ఈ రాష్ట్రంలో పెళ్లి లైసెన్సుకు కట్టే రుసుములో 23 డాలర్లు గృహహింస ఆశ్రయాలకే వెళ్తాయి. ఇక్కడ లైసెన్సు తీసుకుని పెళ్లి చేసుకున్న మన పిల్లలందరూ ఈ ఆశ్రయాలకు చందాదారులే.

తెలుగు సంఘాల సభల్లో ఈ సంస్థలకు ఉదారంగా చెక్కులు రాసే పెద్దలకు ఒక విన్నపం. నికర ఆస్తుల్లో నాలుగో వంతుకు మించి అమ్మితే, ఏటా పన్నుల శాఖకు ఇచ్చే ఫారం 990లో సంస్థ చూపాలి, కానీ అది అమ్మిన తర్వాతి ముచ్చట. చెక్కు ఇచ్చే ముందే అడగండి: మీ చేతిలో ఉన్న ఇళ్ల మీద షరతులు ఏ సంవత్సరం తీరతాయి? ఆ తర్వాత వాటిని ఏం చేయదలచుకున్నారు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాలిఫోర్నియా