కొవ్వాడకు కరెంటు ఏ దారిన వస్తుంది?

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా వీధి స్తంభం కొబ్బరిచెట్టు కింద విరిగి, తీగలు బురదలో పడ్డాయి. కొవ్వాడలో 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కడతామన్నప్పుడల్లా నాకు ఆ తీగలే గుర్తొస్తాయి.

అణుకేంద్రానికీ బయటి కరెంటు కావాలి. గ్రిడ్, అంటే కరెంటు మోసే పెద్ద లైన్ల వల, తెగి రియాక్టర్ ఆగినా, ఇంధనం వేడిని కక్కుతూనే ఉంటుంది; దాన్ని చల్లారుస్తూనే ఉండాలి. 2011లో ఫుకుషిమాలో భూకంపం బయటి కరెంటును తెంచింది, సునామీ డీజిల్ జనరేటర్లను ముంచింది. కొవ్వాడకు అనుకున్న నమూనా బయటి కరెంటు లేకున్నా 72 గంటలు చల్లబడగలదు. మంచిదే. మరి నాలుగో రోజు? తిత్లీ తర్వాత మేము అంతకన్నా ఎక్కువ రోజులే చీకట్లో ఉన్నాం.



కొవ్వాడకు బయటి కరెంటు తెచ్చే లైన్లు ఎన్ని, వేర్వేరు దారుల్లో వస్తాయా, టవర్లు ఎంత గాలిని తట్టుకుంటాయి? రణస్థలంలో సభ పెట్టి, తెలుగులో చెప్పించండి.

ఇట్లు,
పలాస వాసి